తాళం వేసిన గదిలో మోగిన బెల్లు

మే నెల మిట్టమధ్యాహ్నం మా గోదాము షట్టరు ఎత్తితే ముందు వేడి బయటికి వస్తుంది, ఆ వెనక వాసన. గంజి పెట్టిన కొత్త బట్ట, కలరా ఉండలు, అట్టపెట్టెలు, అన్నీ కలిసిన ఆ గాలి మొహానికి కొడుతుంది. అది తగిలితే ఎవరికైనా చెమట పడుతుంది. నాకు ముందు కోపం వస్తుంది. రావులపాలెంలో చిన్న మేచింగ్ సెంటరు నడుపుకునే దానివి, గోదాము నీది, షట్టరు నీది, మరి ఎవరి మీదే ఈ కోపం అని మా ఆయన నవ్వుతాడు. ఎవరి మీదో నాకు తెలుసు. రాజమండ్రిలో నేను పనిచేసిన చీరల షాపు మీద, అక్కడ ఒక మనిషికి జరిగిన అవమానం మీద. ఇన్నేళ్ళయినా అది చల్లారలేదంటే, కోపం తెచ్చుకోవడం ఎలాగో నాకు నేర్పినావిడ అలాంటిది. ఆవిడ పేరు కామేశ్వరి గారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను మా నాన్న ఆ షాపులో చేర్పించాడు. మెయిన్ రోడ్డు మీద మేడ మీద మేడ కట్టిన షాపు. ఏసీ చల్లగా తగిలే కింది అంతస్తులన్నీ కొనేవాళ్ళవి, పైన స్టాకు గది. పట్టు చీరల సెక్షనుకి కామేశ్వరి గారు ఇన్‌ఛార్జి. జాంపేటలో ఆవిడ భర్తకి టైలరింగ్ షాపు ఉండేది. సన్నగా, నిటారుగా, ఎప్పుడూ నేత చీరలో ఉండేవారు. గొంతు పెద్దది కాదు. కానీ ఆవిడ ‘ఏంటండీ’ అని నెమ్మదిగా అడిగితే అవతలివాళ్ళకి గుటక పడేది కాదు.

ఆ షాపులో మాకు రెండు చట్టాలుండేవి. పొద్దున తలుపులు తీసిన దగ్గర్నుంచి రాత్రి మూసేదాకా పనివాళ్ళెవరూ కూర్చోకూడదు. స్టూళ్ళు, కుర్చీలు కొనడానికి వచ్చినవాళ్ళకే. రెండోది, ఇంటికి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర వాచ్‌మన్ మా సంచులు తెరిచి చూసేవాడు. సంచులే కాదు, అన్నం డబ్బాల మూతలు కూడా తీయించేవాడు. ఖాళీ డబ్బాలో జాకెట్టు ముక్క దాచుకుంటామని అనుమానం. మొదటి రోజు నా డబ్బా మూత తీసి లోపలికి తొంగి చూస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. వెనకే ఉన్న కామేశ్వరి గారు నా భుజం మీద చెయ్యి వేశారు.

“ఎందుకే ఏడుపు? రేపట్నుంచి డబ్బా కడక్కుండా పట్టుకురా. పులుసు వాసన చూసుకుంటాడు.”

“పరువు పోయినట్టుందండి.”

“నీదెందుకు పోతుందే అమ్మాయ్? ఎంగిలి డబ్బాలో చెయ్యి పెట్టినవాడిది పోతుంది గానీ.”

మర్నాటి నుంచి మా సెక్షను ఆడపిల్లలెవరూ డబ్బాలు కడగలేదు. వారం తిరక్కుండా వాచ్‌మన్ మూతలు తీయించడం మానేశాడు. ఆవిడ ఎవరితోనూ గొడవ పడింది లేదు, ఎవరినీ ఒక్క మాట అన్నదీ లేదు. అప్పుడు నాకది వట్టి కొంటెతనంలా అనిపించింది.

ఆ ఎండాకాలానికి ముందు షాపు సీలింగుల నిండా తెల్లటి గుండ్రటి డబ్బీల లాంటివి బిగించారు. స్మోక్ డిటెక్టర్లని మెకానిక్ చెప్పాడు. పొగ తగిలితే షాపంతా వినపడేలా బెల్లు కొడుతుందట. అవి ఉంటే తప్ప షాపుకి పర్మిషన్ రాదని షావుకారు గారు పెట్టించారు. మర్నాడు పొద్దున అలవాటు ప్రకారం దేవుడి పటాల ముందు సాంబ్రాణి వేసి, ఆ ధూపం అంతస్తంతస్తుకీ తిప్పుతుంటే బెల్లు గొల్లుమంది. షావుకారు గారు ఉలిక్కిపడి, తరవాత మురిసిపోయారు. ‘భలే పసిగట్టిందే’ అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. అప్పట్నుంచి పూజ అయ్యేదాకా స్విచ్చి ఆపేసి, ధూపం పూర్తిగా పోయాక వేసేవారు. ఆ ఒక్క సాంబ్రాణితో షాపులో అందరి బుర్రల్లోనూ ఒకటే నాటుకుపోయింది. బెల్లు మోగిందంటే పొగ ఉన్నట్టే, పొగ ఉందంటే ఎవడో ముట్టించినట్టే.

పై అంతస్తు స్టాకు గది సత్తిబాబుది. ధవళేశ్వరం వైపు చేపల వేట మీద బతికే ఇంట్లో పుట్టి, వల వదిలేసి షాపులో చేరిన మనిషి. నడివయసు వాడు. ఏ చీర ఎక్కడుందో ఆయనకే తెలియాలి. కింద నుంచి కేక వేయగానే మెట్లు దిగి తెచ్చి ఇచ్చేవాడు. ఆ గదికి పైన రేకులు, రేకుల కింద అట్ట సీలింగు. ఎండ తగిలితే పట్టు రంగు వెలుస్తుందని కిటికీలకి మేకులు కొట్టేశారు. ఫ్యాను లేదు. గదిలో ఉండేవి చీరలే కదా, ఫ్యాను ఎవరికని.

వైశాఖంలో పెళ్ళిళ్ళ సీజను నడుస్తుండగా ఒక మధ్యాహ్నం ఆ గదిలో బెల్లు మోగింది. తుని నుంచి పెళ్ళివారు వచ్చి పరుపుల నిండా చీరలు పరిపించుకుని కూర్చున్నారు. బెల్లు వినగానే ఎవరి చెప్పులు ఎవరు వేసుకున్నారో తెలియకుండా వీధిలోకి పరుగులు తీశారు. తిరిగి లోపలికి రానేలేదు. శేషగిరి గారికి, అంటే షావుకారు గారి బావమరిదికి, షాపు మేనేజరుకి, కళ్ళు ఎర్రబడ్డాయి. పైకి వెళ్ళి చూస్తే నిప్పూ లేదు, పొగా లేదు.

“ఎవడో బీడీ కాల్చి కిటికీ సందులోంచి పారేశాడు” అని ఆయనే తేల్చేశారు.

ఆ సాయంత్రం బేరాలు కాస్త పల్చబడగానే మగవాళ్ళందర్నీ మెట్ల దగ్గర వరసగా నిలబెట్టారు. ఒక్కొక్కడూ నోరు తెరిచి ఊదాలి. శేషగిరి గారు మొహం దగ్గర పెట్టి వాసన చూస్తారు. తల నెరిసినవాళ్ళు, మనవల్ని ఎత్తుకున్నవాళ్ళు, అందరూ ఆ వరసలో ఉన్నారు. కింది అంతస్తులో ఇంకా కొనేవాళ్ళు ఉన్నారు, మెట్ల మీదుగా తలెత్తి చూస్తున్నారు. నేను పట్టు కౌంటరు వెనకాల నిలబడి నేల చూపులు చూస్తున్నాను. చీర మడత పెడుతున్న కామేశ్వరి గారు దాన్ని నా చేతిలో పెట్టి, నేరుగా వెళ్ళి వరసకి ముందు నిలబడ్డారు.

“మీరెందుకండీ ఇక్కడ?” అన్నారు శేషగిరి గారు.

“స్టాకు గదికి నేనూ వెళ్తానండి రోజూ. ముందు నాది చూడండి.”

“ఆడవాళ్ళకి కాదండి ఇది.”

“ఏం, ఆడవాళ్ళకి నోరు లేదాండీ?”

ఆవిడ నోరు తెరిచి ఆయన మొహం మీదకి ‘హా’ అని ఊదారు. ఆయన తల తిప్పేసుకున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకి పరీక్ష ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. ఆవిణ్ణి పక్కకి తప్పించి మిగతావాళ్ళని చూస్తూ వెళ్ళారు. ఆవిడ మీద తీర్చుకోలేనిది ఎవరో ఒకరి మీద తీరాలి కదా. సత్తిబాబు వంతు వచ్చింది. ఆయన మధ్యాహ్నం ఎండుచేపల కూరతో తిన్నాడు. శేషగిరి గారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని అందరికీ వినపడేలా, “చుట్ట కంపు” అన్నారు.

“ఆయ్, కాదండి బాబూ. చుట్ట ఎప్పుడో మానేశానండి. మా పిల్లకి జబ్బు చేసినప్పుడు కోరుకొండ సామి మెట్ల మీద ఒట్టేసి మానేశానండి. అది ఎండుచేప వాసనండి.”

“నిప్పు లేనిదే పొగ రాదయ్యా. పొగ లేనిదే బెల్లు మోగదు. రేపట్నుంచి రాకు.”

“సామెత బానే ఉందండి,” అన్నారు కామేశ్వరి గారు. “సామెత చెప్పి మనిషి కూడు తీస్తారా?”

సత్తిబాబు భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. చుట్ట మానేసి దేవుడికిచ్చిన మాట నిలబెట్టుకున్న మనిషి, చుట్ట కాల్చాడన్న మాట పడి వెళ్ళాడు. నాకు కడుపు మండిపోయింది. ఇది రాస్తుంటే ఇప్పుడూ మండుతోంది.

ఆ ఆదివారం కామేశ్వరి గారు నన్ను వెంటబెట్టుకుని ధవళేశ్వరం వెళ్ళారు. సత్తిబాబు వాకిట్లో కూర్చుని తమ్ముడి వల బాగుచేస్తున్నాడు. మమ్మల్ని చూసి కంగారుగా లేచి, కుర్చీ కోసం పక్కింటికి పరిగెత్తబోయాడు. ఆవిడ అరుగు మీదే కూర్చున్నారు.

“అసలా గదిలో ఎలా ఉంటుందయ్యా?”

“ఏముందండి, పొయ్యి మీద పెనంలా ఉంటాదండి. మజ్జానం నిచ్చెనెక్కి పై అరలో చెయ్యెడితే చుర్రుమంటాదండి. చొక్కా ఇప్పేసి పని చేసేవోణ్ణండి. కేకేస్తే మళ్ళీ తొడుక్కుని కిందకి దిగేవోణ్ణండి.”

వాళ్ళావిడ గుమ్మంలోంచి అందుకుంది. “ఇంటికొచ్చి చెంబులు చెంబులు నీళ్ళు తాగేవోడండి, కామేశ్వరమ్మ గారూ. ఈపంతా చెమటకాయలండి. మజ్జిగ రాస్తే గానీ పడుకోలేకపోయేవోడు.”

“మరి ఎప్పుడూ చెప్పలేదేమయ్యా?”

సత్తిబాబు వల వంక చూస్తూ నవ్వాడు. “ఎవరికి చెప్తామండి?”

తిరుగు బస్సు దిగేటప్పుడు ఆవిడ, “పై అరలో చెయ్యి పెడితే చుర్రుమంటుందట. ఆ బెల్లు అంతకన్నా పైన ఉంది కదే” అన్నారు.

సోమవారం మధ్యాహ్నం స్టాకు గదిలో బెల్లు మళ్ళీ మోగింది. సత్తిబాబు బదులు పెట్టిన అప్పారావు అప్పుడు గదిలో ఉన్నాడు. ఇక శేషగిరి గారు అతని మీద పడ్డారు. వీళ్ళంతా ఒక తాను గుడ్డలే అన్నారు. సత్తిబాబు లేకుండా కూడా బెల్లు మోగిందే, అయితే ఆ మనిషిది తప్పు కాదేమో అన్న ఆలోచన ఆయనకి మాట వరసకైనా రాలేదు. కామేశ్వరి గారు నేరుగా గల్లాపెట్టె దగ్గరున్న షావుకారు గారి ముందుకి వెళ్ళారు. శేషగిరి గారు వెనకే వచ్చారు.

“రేపు ఆ గది మీరే ఖాళీ చేయించండి, బాబూ. మీరే తాళం వెయ్యండి. తాళంచెవి శేషగిరి గారి జేబులో ఉండనివ్వండి. మేమందరం ఆయన కళ్ళ ముందే కింద ఉంటాం. మనిషన్నవాడు లేని గదిలో బెల్లు మోగితే సత్తిబాబు కాల్చలేదని ఒప్పుకోండి.”

“మోగకపోతే?” అన్నారు శేషగిరి గారు.

“మోగకపోతే నేనూ ఇంటికి పోతానండి.”

ఆవిడ ఇల్లు ఆ జీతం మీదే నడుస్తుందని నాకు తెలుసు. టైలరు గారికి చూపు తగ్గి అప్పటికే కుట్టుపని సగమైంది. షావుకారు గారికి ఇదొక వేడుకలా తోచినట్టుంది, సరేనన్నారు.

తీరా మర్నాడు పొద్దున ఆకాశం నిండా మబ్బు పట్టింది. అన్ని రోజులు నిప్పులు చెరిగిన ఎండ ఆ రోజే మొహం చాటేసింది. గది ఖాళీ చేయించి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని శేషగిరి గారు మా సెక్షను ముందు అటూ ఇటూ తిరుగుతున్నారు. కామేశ్వరి గారు మామూలుగా చీరలు విప్పి చూపిస్తున్నారు. నేను ఆగలేక, “మబ్బు వేసిందండి” అన్నాను చెవిలో. “వేస్తే వెయ్యనీవే. నువ్వా కొంగు సరిగ్గా పరుచు” అన్నారు. చెయ్యి మాత్రం చీర అంచుని గట్టిగా పట్టుకుని ఉంది. భోజనాల వేళకి మబ్బు విడిపోయింది. ఎండ విరగకాసింది. అయినా చాలాసేపటి వరకూ బెల్లు ఊసే లేదు. శేషగిరి గారి మొహంలో నవ్వు మొదలైంది. ఆ నవ్వు ఇంకా పూర్తి కాకముందే పైన బెల్లు గొల్లుమంది.

అందరం మెట్లెక్కాం. శేషగిరి గారు తన జేబులోంచి తాళంచెవి తీసి తన చేత్తోనే తలుపు తెరిచారు. లోపల మనిషి లేడు, పొగ లేదు. మొహం మీదకి కొట్టిన వేడికి మేమంతా ఒక్క అడుగు వెనక్కి వేశాం. ఆయన మాత్రం తల పైకెత్తి గాలి వాసన చూశారు. అలవాటైన ముక్కు! షావుకారు గారు నిచ్చెన ఎక్కి సీలింగు ముట్టుకుని చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

సాయంత్రం మెకానిక్ వచ్చాడు. విషయం విని అతనేమీ ఆశ్చర్యపోలేదు.

“ఇందులో పొగని పట్టేదీ ఉంటుందండి, వేడిని పట్టేదీ ఉంటుందండి. పైన వేడి మరీ ఎక్కువైతే పొగ లేకపోయినా మోగుద్దండి. రేకుల కింద, గాలాడని గదిలో ఇది ఇబ్బంది పెడుద్దని బిగించిన రోజే చెప్పామండి.”

“ఎవరికి చెప్పారయ్యా?” అన్నారు షావుకారు గారు.

“శేషగిరి గారికేనండి.”

ఆయనకి తెలుసు! తెలిసి, మర్చిపోయి, పెద్దవాళ్ళ చేత నోళ్ళు తెరిపించి వాసన చూశారు. సిగ్గుపడాల్సిన ఆ క్షణంలో ఆయన అన్న మాట నేను చచ్చినా మర్చిపోను. “అయితే ఆ వైరు పీకెయ్యవయ్యా, పీడా పోతుంది.”

“ఆగండి,” అన్నారు కామేశ్వరి గారు. గొంతు పెంచలేదు. “ఆ గదిలో ఉండలేనని మిషను ఒక్క వేసవి కూడా గడవకుండానే అరిచిందండి. సత్తిబాబు ఎన్ని వేసవులు ఉన్నాడందులో? ఒక్కనాడైనా అరిచాడా? నోరు మూసుకుని చేసినవాణ్ణి నోరు తెరిపించి బయటికి తోశారు. ఇప్పుడు అరిచిన దాని పీక నొక్కుతారా? రేపు నిజంగా నిప్పంటుకుంటే కింద ఉన్నవాళ్ళకి ఎవరు చెప్తారండి?”

షావుకారు గారు తల పంకించారు. ఆయన మనసుకి తగిలిందనే అనుకున్నాను. ఆయన మెల్లగా అరల దగ్గరికి నడిచి ఒక పట్టు చీర మీద చెయ్యి వేశారు. “నిజమేనమ్మా. ఇంత వేడికి జరీ నల్లబడిపోదూ?” అన్నారు.

ఆ వారంలోనే కిటికీల మేకులు ఊడదీసి, ఎండ పడకుండా బయట చూరు దింపారు. రేకుల మీద సున్నం కొట్టించారు. వేడి గాలి బయటికి లాగే ఫ్యాన్లు, తిరిగే ఫ్యాన్లు, అన్నీ వచ్చాయి. ఆ గదికి సరిపడే వేరే రకం బెల్లు మెకానిక్ బిగించాడు. సత్తిబాబుని రమ్మని వాచ్‌మన్‌తో కబురు పంపారు. కామేశ్వరి గారు ఒప్పుకోలేదు. “పదిమంది ముందు పొమ్మన్నారు. పదిమంది ముందు రమ్మనండి, తప్పయిందని చెప్పండి” అని శేషగిరి గారిని అడిగారు. ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అన్నారాయన. చిన్నదట!

సత్తిబాబు వచ్చాడు. రాక ఏం చేస్తాడు, పిల్ల చదువుతోంది. వెనక మెట్ల మీంచి నక్కి నక్కి పైకి వెళ్ళబోతుంటే కామేశ్వరి గారు కిందకి దిగి వెళ్ళి, కొనేవాళ్ళు వచ్చే పెద్ద గుమ్మంలోంచి ఆయన్ని లోపలికి తీసుకొచ్చారు. చెప్పులు చేత్తో పట్టుకుని, సిగ్గుతో ఒదిగి ఒదిగి నడుస్తున్నాడాయన. ఆవిడ ప్రతి కౌంటరు దగ్గరా ఆగి, “సత్తిబాబు గారు వచ్చారు” అన్నారు. ఆ షాపులో ఆయన పేరుకి గారు తగలడం అదే మొదటిసారి. నోళ్ళు చూపించి నిలబడ్డ మగవాళ్ళంతా ఒక్కొక్కరే నిటారుగా నిలబడి నమస్కారం పెట్టారు. శేషగిరి గారు తన గదిలో ఫోను మాట్లాడుతున్నారు.

కొన్నాళ్ళకి చీరల కోసం నేనూ కామేశ్వరి గారూ స్టాకు గదికి వెళ్ళాం. ఫ్యాను తిరుగుతోంది. సత్తిబాబు చొక్కా తొడుక్కునే పని చేసుకుంటున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయి, “ఎలాగైతేనేం, షావుకారు గారు ఆయనకి ఫ్యాన్లు పెట్టించారండి” అన్నాను.

ఆవిడ నా వంక అదోలా చూశారు. “చీరలకి పెట్టించారే అమ్మాయ్. ఆ గాలి ఆయన ఒంటికి కూడా తగులుతోంది. అది ఆపడం వాళ్ళకి చేతకాలేదు, అంతే.”

మూడు ముక్కల్లో ఆవిడ నాకిచ్చిన చదువు అది. ఎవరైనా ఫలానావాళ్ళు మంచి చేశారని చెబితే ఎవరికోసం చేశారని ఇప్పటికీ అడుగుతాను. పనివాడి మీద మాట వేస్తే తాళంచెవి ఎవరి జేబులో ఉందని అడుగుతాను. అందుకని నన్ను గయ్యాళి అంటారు, అననీ. సత్తిబాబుని పదిమంది ముందు పొమ్మన్న నోరు, తప్పయిందని ఈ రోజుకీ అనలేదు. పాత సంగతి మర్చిపోవే అని నాకు చాలామంది చెప్పారు. కామేశ్వరి గారు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.